నన్ను మార్చాలంటే ఎంతవుతుంది?

నేను ఒక రాగి బాయిలర్ని. పేరు వినగానే రైలింజన్లూ ఫ్యాక్టరీ గొట్టాలూ ఊహించుకుని బెదిరిపోకండి, నాకంత సీను లేదు. పెరట్లో స్నానాల గది గోడ పక్కన నిలబడి ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాచిపెట్టే బాపతు. మీ నడుము ఎత్తు ఉంటాను. కడుపు నిండా నీళ్ళు, ఆ నీళ్ళ మధ్యన నిలువునా ఒక గొట్టం, ఆ గొట్టంలో నిప్పు. నీళ్ళనీ నిప్పునీ ఒకే ఒంట్లో పెట్టుకుని ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను కనక కాపరాల గురించి నాలుగు మాటలు చెప్పే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

నాకో జబ్బుంది, ముందే చెప్పేస్తున్నాను. ఆరా తీయడం. ఇంట్లో ఎవరు ఎవరితో గుసగుసలాడినా అదేమిటో నాకు తెలిసి తీరాలి. పెరట్లో పడుండేదానికి ఇంటి సంగతులెలా తెలుస్తాయంటారా? బాగుంది! ముందు గదిలో మాట్లాడేవి చుట్టాలు వినడానికి మాట్లాడేవి. అసలు మాటలన్నీ అంట్లు తోముకునే చోటే జరుగుతాయి. ఆ మాటల్లో నేను చెవులు రిక్కించి వినేది ఒకటుంది. "దీన్ని మార్చాలంటే ఎంతవుద్ది?" దీన్ని అంటే నన్నే. నాకు చిన్న చిల్లు పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు ఆ ప్రశ్న వేసేవారు. జవాబు మాత్రం ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పేవారు. తన ఖరీదెంతో తెలుసుకోవాలని ఎవరికుండదు చెప్పండి?

నేను పుట్టింది గోదావరి పాయకి అవతల, అజ్జరంలో. భద్రాచారి అనే కంచరి నన్ను చేశాడు. రాగి రేకుని కొలిమిలో కాల్చడం, సుత్తితో బాదడం, మళ్ళీ కాల్చడం, మళ్ళీ బాదడం. ఇంత బాది ఈయన ఏం సాధిస్తాడా అని ఆత్రంగా చూసేదాన్ని. చూస్తుండగానే ఒళ్ళు గుండ్రంగా తిరిగింది. నెత్తిన ఒక గరాటు, పక్కన వంకీ తిరిగిన ఒక ముక్కు వచ్చాయి. లోపల తెల్లగా కళాయి పూశాడు. ఎండలోకి తెచ్చి నిలబెడితే అటుగా పోయేవాళ్ళు ఆగి చూసేవారు. అబద్ధమెందుకు, అప్పుడు కొంచెం గర్వపడ్డాను.

నా పని తీరు కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథ మీకు ఎక్కదు. గరాట్లో ఒక చెంబుడు చన్నీళ్ళు పోస్తే, ముక్కులోంచి ఒక చెంబుడు వేడినీళ్ళు బయటికొస్తాయి. ఊరికే అడిగితే చుక్క రాలదు. అందువల్ల ఏమవుతుందంటే, మొదట స్నానానికి వచ్చినవాళ్ళకి పొగలు కక్కే నీళ్ళు. వాళ్ళు తోడుకున్నంత చల్లదనం నా కడుపులో చేరుతుంది కనక తరవాతి వాళ్ళకి ఓ మోస్తరు వేడి. ఆ తరవాత గోరువెచ్చన. ఈలోగా నిప్పు కూడా నీరసపడిపోతుంది కాబట్టి ఆఖర్న వచ్చేవాళ్ళకి దొరికేవి పేరుకి వేడినీళ్ళు, అంతే. ఆ ఆఖరు మనిషి ఎవరా అని గమనించడం నాకు మొదటి రోజునించీ అలవాటైపోయింది.

నన్ను కొన్నది అంబాజీపేట కొబ్బరికాయల వ్యాపారి తాతబ్బాయి గారు. మన వాళ్ళకి కొన్న సామాను మీద పేరు కొట్టించుకుంటే గానీ నిద్రపట్టదు కదా. గ్లాసు మీద పేరు, గంగాళం మీద పేరు. ఆయన కూడా నా పొట్ట మీద ఇంటిపేరుతో సహా చుక్కలు చుక్కలుగా కొట్టించుకుని, బండెక్కించి ఇంటికి తెచ్చారు. అలా ఆయన పేరు నా ఒంటి మీద స్థిరపడింది. ఆయన మాత్రం బతికుండగా నాలో ఒక్క పుల్ల వేసిన పాపాన పోలేదు.

పుల్లలు వేసింది ఆయన భార్య మంగాయమ్మ. కోడి కూసే వేళకి లేచి, కాయలు ఒలవగా మిగిలి ఎండిన కొబ్బరి డొక్కలు గొట్టంలోకి దింపి, కొబ్బరాకు ఈనెల కట్టతో అంటించి, కళ్ళు నలుపుకుంటూ ఊదేది. నీళ్ళు కాగాక తాతబ్బాయి గారు మొదట పోసుకునేవారు. తరవాత కొడుకు అబ్బులు. తరవాత ఎవరైనా చుట్టాలుంటే చుట్టాలు. అందరివీ అయ్యాక, వంట సగం పూర్తి చేసుకుని మంగాయమ్మ వచ్చేది. అప్పటికి నా దగ్గర ఏముంటుంది? ఆవిడ చెయ్యి పెట్టి చూసి, ఏమీ అనకుండా గబగబా నాలుగు చెంబులు గుమ్మరించుకుని వెళ్ళిపోయేది. నీళ్ళు కాచిన మనిషికే వేడినీళ్ళు దొరకని ఆ ఏర్పాటు ఎవరు పెట్టారో నాకు ఎంత ఆరా తీసినా తెలియలేదు. ఎవరూ పెట్టలేదు. అలా జరిగిపోతూ ఉండేది.

కొన్నేళ్ళకి అబ్బులుకి పెళ్ళయింది. అనంతలక్ష్మి కోడలిగా వచ్చింది. వచ్చిన వారానికే ఈనెల కట్ట ఆమె చేతికి వెళ్ళింది. దాంతో మంగాయమ్మ స్నానం ఒక వంతు ముందుకి జరిగి, ఆఖరి వంతు అనంతలక్ష్మికి వచ్చింది. తాతబ్బాయి గారు పోయాక అబ్బులు మొదటి వంతుకి ఎక్కాడు. మనుషులు మారారు గానీ వరస మారలేదు. అనంతలక్ష్మి కూతుర్ని కంది, పెంచింది, తునిలో సంబంధం చూసి పెళ్ళి చేసి పంపింది. ఇన్ని చేసినా నా ముక్కులోంచి పొగలు కక్కే నీళ్ళు ఆమె ఒంటి మీద ఒక్కసారీ పడలేదు.

అబ్బులు చెడ్డవాడని నేననను. తండ్రి వ్యాపారం నిలబెట్టాడు. తల్లిని పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు. కాకపోతే వేడినీళ్ళ పిచ్చి. రోహిణి కార్తెలో, కాకులు కూడా నీడ వెతుక్కునే ఎండల్లో కూడా ఆయనకి కాగే నీళ్ళు కావాలి. "చన్నీళ్ళు పడితే నాకు ఒళ్ళు బిగుసుకుపోద్దే" అనేవాడు భార్యతో. ఆయన ఒళ్ళు నేను రోజూ చూసేదాన్నే, బిగుసుకునే ఒళ్ళేమీ కాదది.

అసలు గొడవ నా నడిమి గొట్టానికి చిల్లు పడటంతో మొదలైంది. రాగి అయితే మాత్రం, ఎన్నాళ్ళని నిప్పుని మోస్తుంది? బొట్టు బొట్టుగా నీళ్ళు నిప్పు మీద పడటం, డొక్కలు తడిసి మండక పొగ చిమ్మడం. మాటు వేయించారు. కొన్నాళ్ళకి ఆ మాటు పక్కన ఇంకో చిల్లు. మళ్ళీ మాటు. ఆఖరికి భద్రాచారి కొడుకు వచ్చి నన్ను పల్చటి చోట గోటితో నొక్కి చూసి పెదవి విరిచేశాడు.

"ఇంక మాటు నిలవదండి, రేకు అప్పడంలాగయిపోయింది. మార్చేసుకోవడం మంచిది."

"మార్చాలంటే ఎంతవుద్ది?" అన్నాడు అబ్బులు.

నేను ఊపిరి బిగబట్టాను. కొత్త రాగి బాయిలర్ ధర ఆయన చెప్పగానే అబ్బులు రెండడుగులు వెనక్కి వేశాడు. రాగి ఈమధ్య బంగారంతో వియ్యమందుతోందట! నేను పుట్టినప్పుడు తాతబ్బాయి గారు బేరమాడి బేరమాడి ఇచ్చిన సొమ్ము గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

"గీజరు పెట్టించుకుందామండీ" అంది అనంతలక్ష్మి. ఆ మాట అనడానికి ఆమె మధ్యలో రెండుసార్లు ఆగి దగ్గింది. ఆ దగ్గు కొత్తది కాదు. చలికాలం మొదలైనప్పటి నుంచీ ఉంది. అమలాపురంలో డాక్టరమ్మ గుండెల మీద గొట్టం పెట్టి చూసి, "ఊపిరితిత్తులు పాడవుతున్నాయమ్మా, పొగ దగ్గరికి వెళ్ళకు, చన్నీళ్ళు అసలే పోసుకోకు" అని చెప్పిందట. ఆ సంగతి అనంతలక్ష్మి అంట్లు తోముతూ అత్తగారితో చెబుతుంటే విన్నాను. పొగ నాది, ఆఖరి చన్నీళ్ళూ నావే. డాక్టరమ్మ వద్దన్న రెండూ ఆమెకి రోజూ నా దగ్గరే దొరుకుతున్నాయి. నాకు భలే బాధేసింది. కానీ బాయిలర్ని కదా, నోరు విప్పి చెప్పుకోలేను.

అబ్బులు గీజరు సంగతి వాకబు చేశాడు. ఆ వాకబు నాకు పండగలా ఉండేది. రోజుకో వార్త! గీజరు కొనడం పెద్ద ఖర్చేమీ కాదని కొట్టువాడు అన్నాడట. "అంతేనా?" అని ఈయన హుషారుగా ఇంటికొచ్చాడు. తీరా నీళ్ళ పనులు చేసే ఏసుబాబు వచ్చి చూస్తే, ఇంటి మీద ట్యాంకే లేదు. ట్యాంకు లేనిదే గీజరులోకి నీళ్ళు ఎక్కవు. ట్యాంకు పెడితే గొట్టాలు కావాలి. స్నానాల గదిలో ఉన్న వైరు బల్బుకి తప్ప దేనికీ పనికిరాదు, మీటరు నుంచి వేరే వైరు లాగాలి, భూమిలోకి ఎర్తింగు దింపాలి. మన నీళ్ళు ఉప్పునీళ్ళు కాబట్టి రెండు మూడేళ్ళకోసారి విప్పి లోపల పేరుకున్న సున్నం గోకాలి. ఏసుబాబు చెప్పుకుంటూ పోతుంటే అబ్బులు మొహం వాడిపోతూ వచ్చింది.

"అంటే గీజరు ఖరీదు ఒక ఎత్తు, దాన్ని గోడెక్కించడం ఒక ఎత్తు అన్నమాట."

"ఆయ్, అంతేనండి మరి. అందరూ డబ్బా రేటు ఒక్కటే చూసుకుని బయల్దేరతారండి" అన్నాడు ఏసుబాబు.

"ఆపైన కరెంటు బిల్లొకటి. ఇదైతే డొక్కలు మన కొట్లోవే, పైసా ఖర్చు లేకుండా నీళ్ళు కాగిపోతున్నాయి" అని అబ్బులు నా నెత్తి మీద చెయ్యి వేసి నిమిరాడు.

పైసా ఖర్చు లేకుండానట! ఆ మాట నాకు అంతుపట్టలేదు. డొక్కలు వాటంతటవే కొట్లోంచి నడిచొచ్చి, ఎండలో ఆరి, వానొస్తే వసారాలోకి పరిగెత్తి, నా గొట్టంలోకి దూకుతున్నాయా? నా బూడిద నేనే ఎత్తుకుంటున్నానా? పక్కనే నిలబడ్డ అనంతలక్ష్మి పమిటతో మూతి మూసుకుని దగ్గుతోంది. అబ్బులు లెక్కల్లో గీజరుకయ్యే ప్రతి మేకూ ఉంది గానీ నాకయ్యే ఖర్చు ఎక్కడా లేదు.

"పోనీ ఏసుబాబు వెళ్తూ వెళ్తూ చెప్పినట్టు పాత రాగిని తూకానికి వేసెయ్యండి, సగం ఖర్చు దాంతోనే తీరిపోద్ది" అంది అనంతలక్ష్మి ఓపిగ్గా.

అబ్బులు ఇంతెత్తున లేచాడు. "నాన్న పేరున్న సామాను! తూకానికి వేస్తానా? నువ్వేం మాట్లాడుతున్నావే? ఈ చలికాలం గడిచిపోనీ, చూద్దాం. అందాకా మూతికి గుడ్డ కట్టుకుని అంటించు."

ఆ రోజు నుంచి ఆమె మూతికి గుడ్డ కట్టుకునే అంటించింది. గుడ్డ నల్లబడేది, దగ్గు తగ్గేది కాదు.

ఒక పొద్దున మంచు బాగా పట్టింది. డొక్కలు చెమ్మగిల్లి ఉన్నాయి. నా చిల్లులోంచి నీళ్ళు నిప్పు మీద చిమ్ముతున్నాయి. అనంతలక్ష్మి ఊదింది, మళ్ళీ ఊదింది. ఒక్కసారిగా పొగంతా ఆమె మొహం మీదికి తిరిగింది. ఆమె లేవబోయి లేవలేక నా పక్కనే చతికిలబడిపోయింది. గుడ్డ పీకేసి నోరు తెరిచింది గానీ గాలి లోపలికి వెళ్ళడం లేదు. గొంతులోంచి పిల్లికూతలొస్తున్నాయి, మాట రావడం లేదు. ఒక చెయ్యి నేల మీద తడుముతోంది. అమ్మో, ఆ క్షణాన నాకు చేతులుంటే ఎంత బాగుండునో! సరిగ్గా అప్పుడే లోపల్నుంచి అబ్బులు కేక వేశాడు. "ఏమేవ్, నీళ్ళు కాగాయా?"

మంగాయమ్మ తులసి కోటకి నీళ్ళు పోయడానికి వచ్చి చూసింది. చెంబు అక్కడే పారేసి, కోడల్ని పొదివి పట్టుకుని పొగకి దూరంగా వసారాలోకి లాక్కెళ్ళి కూర్చోబెట్టి వీపు రాసింది. చాలాసేపటికి గానీ అనంతలక్ష్మికి ఊపిరి అందలేదు. అందాక ఆమె అన్న మొదటి మాట, "నిప్పు ఆరిపోతుందేమో అత్తయ్య గారూ" అని.

మంగాయమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. తరవాత లేచి వచ్చి, నా గరాట్లో కాదు, సరాసరి నా నిప్పు గొట్టంలో బిందెడు చన్నీళ్ళు కుమ్మరించేసింది. నేను చుయ్యిమన్నాను. తువ్వాలు భుజాన వేసుకుని వచ్చిన అబ్బులు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"అమ్మా! అదేంటే!"

"ఇయాల్టితో సరి. గీజరు తెచ్చుకుంటావో చెరువులో మునుగుతావో నీ ఇష్టం."

"నాన్న గుర్తు కదే అది..."

"మీ నాన్న పేరుందని తప్ప ఆయన దాని మొహం ఎప్పుడు చూశాడ్రా? దాని ముందు కూకుని నేను ఏడిచిన ఏడుపులు నీకు తెలుసా? కోడలొచ్చింది, నా పీడ వదిలిందని సంబరపడ్డాను. నా పీడ దాని నెత్తికెక్కిందని అప్పుడు తోచలేదు. తీసెయ్ దాన్ని, నాకు చూడబుద్ధి కావట్లేదు."

పీడ అంది నన్ను! అంతకాలం నా ఒళ్ళు చింతపండుతో తోమి మెరిపించినావిడ. ముందు చాలా చిన్నతనమేసింది. ఆ తరవాత ఆలోచిస్తే ఆవిడ తోమింది నా మీద మోజుతో కాదని, మసి పట్టిన సామాను ఇంట్లో ఉంటే నలుగురూ తననే అంటారని తోమిందని అర్థమైంది. పేరున్నవాళ్ళు వేరు, పని చేసినవాళ్ళు వేరు. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు నా ఆయుష్షంతా పట్టింది.

అబ్బులు ఏసుబాబుకి కబురు పెట్టాడు. ట్యాంకు ఎక్కింది, గొట్టాలు దిగాయి, వైరు పాకింది. పాత సామాన్లు కొనేవాడు వచ్చి నన్ను కొక్కేనికి తగిలించి తూచాడు. అప్పుడు తెలిసింది అసలు విడ్డూరం. నా బరువుకి వాడిచ్చిన సొమ్ముతో గీజరు ఖరీదు తీరిపోయి, వైరు ఖర్చులో కూడా కొంత తీరింది! అంటే ఇన్నాళ్ళూ ఈయన ఏ ఖర్చుకి జడిసి వాయిదాలు వేశాడో, అందులో సగం నా ఒంట్లోనే ఉందన్నమాట. అనంతలక్ష్మి అప్పుడే చెప్పింది, విన్నవాళ్ళే లేరు.

గీజరు వచ్చింది. తెల్లగా, మల్లెపువ్వులా ఉంది. ఏసుబాబు గోడకి బిగిస్తుంటే నేను తలుపులోంచి తొంగి చూస్తూనే ఉన్నాను. ఒక గొట్టంలోంచి చన్నీళ్ళు లోపలికి, ఇంకో గొట్టంలోంచి వేడినీళ్ళు బయటికి. ఓసి, ఇదీ నా పనే చేస్తుందన్నమాట! పొగ లేదు, అంతే తేడా. కాకపోతే నా కడుపుతో పోలిస్తే దాని కడుపు మరీ చిన్నదిగా అనిపించింది. ఆ అనుమానం ఏసుబాబుకీ వచ్చింది.

"అబ్బులు గారండి, ఇది చిన్న సైజండి. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు పోసుకుంటే ఇద్దరికే సరిపోద్ది. ఇంట్లో ముగ్గురు కదండి మీరు?"

"కొట్లో వాడూ అడిగాడయ్యా, ఎంతమందని. ఇద్దరమేనన్నాను. నేనూ అమ్మా. మా ఆవిడ ఎలాగూ ఆఖర్న పోసుకుంటది కదా, దానికి అలవాటే. పెద్దదానికి ఇంకో రెండు వేలెందుకు దండగ?"

ఆయన ఆ మాట దాపరికం లేకుండా, ఎవర్నీ కష్టపెట్టే ఉద్దేశం లేకుండా, మంచి బేరం చేసుకొచ్చిన మనిషిలా సంతోషంగా అన్నాడు. ఏసుబాబు మేకు బిగించే పనిలో పడ్డాడు. టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడ్డ అనంతలక్ష్మి గ్లాసులు అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. డాక్టరమ్మ చన్నీళ్ళు వద్దన్న మనిషిని, ఆ జబ్బు కోసమే కొన్న గీజరు లెక్కలోంచి తీసేశాడీయన! నాకు ఒళ్ళు మండిపోయింది, నిప్పు లేకుండానే. వసారాలో బియ్యం ఏరుతున్న మంగాయమ్మ తల ఎత్తి కొడుకుని ఒకసారి చూసి, మళ్ళీ బియ్యంలోకి తల వంచుకుంది.

ఇప్పుడు నేను అమలాపురంలో పాత సామాన్ల కొట్లో, వంగిపోయిన బిందెల మధ్య కూర్చుని ఇదంతా మీకు చెబుతున్నాను. రేపోమాపో కరిగిస్తారట. కరిగి ఏమవుతానో, వైరునవుతానో పూజ పళ్ళేన్నవుతానో చూడాలని తహతహగానే ఉంది. కానీ ఆ ఇంట్లో నేను చూసిన ఆఖరి పొద్దు సంగతి చెప్పకుండా కరిగిపోతే నాకు తృప్తి ఉండదు.

నన్ను తీసుకెళ్ళే ఆటో ఇంకా రాలేదు. ఎండ పెరట్లోకి అప్పుడే దిగుతోంది. గీజరు మీద ఎర్ర దీపం వెలిగి, ఆరింది. నీళ్ళు కాగాయని దానర్థమట. అబ్బులు తువ్వాలు భుజాన వేసుకుని, పెళ్ళికొడుకులా చేతులూపుకుంటూ వచ్చాడు. స్నానాల గది గుమ్మంలో మంగాయమ్మ పీట వేసుకుని అడ్డంగా కూర్చునుంది.

"లెగమ్మా, నేను కొట్టుకెళ్ళాలి."

"ఆగు. అమ్మాయ్, అనంతలక్ష్మీ! రా, నువ్వు పోసుకో ముందు."

"అయ్యో, నేనెందుకండీ, మీరు పోసుకోండి, ఆయన పోసుకున్నాక..."

"రమ్మంటే రావే!"

అనంతలక్ష్మి భర్త వంక చూసింది. ఆయన తల్లి మొహం చూసి గుమ్మం దగ్గర్నుంచి పక్కకి జరిగాడు. ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కుళాయి చప్పుడు. తరవాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తలుపు కింద సందులోంచి ఆవిరి మాత్రం మెల్లగా బయటికొస్తోంది. ఆ నిశ్శబ్దం ఏమిటో నాకు తెలియలేదు. నాకు తెలిసిన అనంతలక్ష్మి స్నానమంటే నాలుగు చెంబులు గుమ్మరించుకోవడమే. కాసేపటికి లోపల సన్నగా ఏడుపు వినిపించింది, ఆ తరవాత మళ్ళీ నీళ్ళ చప్పుడు. మంగాయమ్మ పీట మీంచి కదల్లేదు. అబ్బులు అటూ ఇటూ పచార్లు చేశాడు, గడియారం చూసుకున్నాడు, నా మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

అనంతలక్ష్మి జుట్టు ముడేసుకుని, మొహం ఎర్రగా కందిపోయి బయటికొచ్చింది. దగ్గలేదు. ఎండ పడుతున్న చోట చూసుకుని కూర్చుంది. మంగాయమ్మ పీట ఎత్తుకుని తాను లోపలికి వెళ్ళి, తన స్నానమూ తాపీగా ముగించుకుని వచ్చింది.

"ఊఁ, ఇంక వెళ్ళు నాయనా" అంది.

అబ్బులు వెళ్ళాడు. కుళాయి తిప్పిన చప్పుడైంది. ఒక చెంబు పడింది. వెంటనే పెంకులెగిరిపోయేలా కేక.

"అమ్మా! చన్నీళ్ళే ఇవి!"

"ఆఖర్న పోసుకునేవాళ్ళకి అవేరా. ఇంకాసేపు కాగనివ్వడానికి నీకు కొట్టు టైమయిపోతోందిగా, కానిచ్చేసి వచ్చెయ్."

చన్నీళ్ళలో ఒక మనిషి నిలబడి ఆలోచిస్తుంటే ఎలా ఉంటుందో అప్పుడే విన్నాను. రెండో చెంబు పడలేదు. ఎండలో కూర్చున్న అనంతలక్ష్మి పమిట కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నా కోసం ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. ఇద్దరు మనుషులు నన్ను చెరోవైపు పట్టుకుని పైకెత్తారు. సరిగ్గా అప్పుడు తలుపు వారగా తెరుచుకుని, పళ్ళు టకటకలాడుతూ అబ్బులు గొంతు వినిపించింది.

"ఏమేవ్, ఏసుబాబుకి ఫోన్ చెయ్యి! ఇది తీసేసి పెద్దది పెట్టమను, ముగ్గురికి సరిపోయేది... ఎంతైనా పర్లేదు!"